పొర తీసేసిన మాస్కు

మా బావ పైడయ్యని మాస్కు చంపలేదు. పోర్టులో మా బొగ్గు యార్డు గేటు దగ్గర నిలబడి ఈ ఒక్క మాటా గట్టిగా చెప్పాల్సినవాణ్ణి నేను. చెప్పలేదు. నెల రోజుల పాటు బెల్లం కొట్టిన రాయిలా ఊరుకున్నాను.

యార్డులో నన్ను అందరూ కోపిష్టి అంటారు. కోపిష్టినే. నా ఉద్యోగం అలాంటిది. నా పేరు దొరబాబు, ఓడల్లోంచి దింపిన బొగ్గును రైళ్లకి ఎక్కించే ఒక కాంట్రాక్టు కంపెనీలో సేఫ్టీ సూపర్వైజర్ని. హెల్మెట్టు, బూట్లు, మాస్కు, ఈ మూడింట్లో ఏది లేకుండా ఎవడు గేటు దాటబోయినా వాడి ఏడు తరాలనీ తలుచుకుని వెనక్కి పంపిస్తాను. ఆ తిట్లు కూడా జీతంలో భాగమే అనుకునేవాణ్ణి. సముద్రం మీంచి గాలి కొట్టిందంటే బొగ్గుపొడి లేచి ముక్కుల్లోకి, చెవుల్లోకి, టిఫిన్ కేరియర్ మూతల కిందకి పోతుంది. గోడ అవతల జ్ఞానాపురంలో ఆడవాళ్లు ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కుంటారు. అలాంటి చోట మాస్కు లేకపోతే ఎలా?

కంపెనీ ఇచ్చే మాస్కు నల్లగుడ్డతో కుట్టింది. రెండు గుడ్డల మధ్య పల్చటి తెల్లపొర ఒకటి ఉంటుంది. పొడిని ఆపేది ఆ పొరే, గుడ్డ కాదు. మనిషికి రెండేసి ఇస్తాం. ఇంటి దగ్గర ఉతుక్కుని తెచ్చుకోవాలి.

పోయినేడు ద్వారకా నగర్‌లో ఒక హోటల్ హాల్లో మా సూపర్వైజర్లందరికీ ఒకరోజు ట్రైనింగ్ పెట్టారు. గుండె డాక్టరు ఒకాయన వచ్చి మాట్లాడాడు. నేను వెనకవరసలో కూర్చుని బిర్యానీ ఎప్పుడు వస్తుందా అని తలుపు వైపు చూస్తూనే ఉన్నాను గానీ, ఆయన చెప్పింది మాత్రం చెవిన పడింది. అదే నా ఖర్మ. పడకపోయుంటే, నాకు తెలీదు బాబోయ్ అని ఈ రోజు చేతులు దులుపుకునేవాణ్ణి. సన్నటి పొడి ఊపిరితిత్తుల్లో ఆగదనీ, రక్తంలో కలిసి గుండెనీ పాడు చేస్తుందనీ, కాబట్టి మాస్కు ముక్కుకే కాదు, గుండెకీ కాపలా అనీ చెప్పాడాయన. మాస్కు పెట్టుకుంటే కాస్త ఉక్కగా, చిరాగ్గా ఉంటుంది తప్ప గుండెకి చెడు జరగదన్నాడు. ఆ తర్వాత వేలెత్తి ఇంకోమాట అన్నాడు. నలభైమంది అదే మాస్కు పెట్టుకుని మెట్లెక్కుతుంటే ఒక్కడికే గుండె బరువెక్కిందంటే, తప్పు మాస్కులో వెతక్కండి, వాడి గుండెలో వెతకండి, ఆ రోజే ఈసీజీకి పంపండి అన్నాడు. అలా చెప్పినవాళ్ల పేర్లు రాయడానికి కంపెనీ ఒక రిజిస్టరు కూడా పెట్టింది. ఆ రిజిస్టరు నా టేబుల్ సొరుగులోనే ఉంటుంది.

ఇక మా బావ సంగతి. పైడయ్య మా అప్ప తాయారు మొగుడు, అప్ప అంటే మా వైపు అక్క. గజపతినగరం వైపు పల్లెలో పదో తరగతి రెండుసార్లు తప్పి, గొర్రెల వెంట తిరుగుతున్న నన్ను మెడ పట్టుకుని విశాఖపట్నం లాక్కొచ్చి ఐటీఐలో చేర్చింది ఆయనే. రెండేళ్లు ఆ రెండు గదుల ఇంట్లోనే తిన్నాను, పడుకున్నాను. తర్వాత చదువుకున్న సర్టిఫికెట్టు పుణ్యమా అని నేను సూపర్వైజర్ని అయ్యాను. ఆయన మాత్రం ముప్ఫై ఎనిమిది మెట్ల పైన కన్వేయర్ బెల్టు దగ్గర కాపలాపనిలోనే ఉండిపోయాడు. అయినా ఏనాడూ ఈర్ష్య లేదు. గేటులో నన్ను చూస్తే మా దొరగారొచ్చారని నవ్వుతూ సెల్యూట్ కొట్టేవాడు.

మార్చి నెలలో ఒకరోజు టీ వేళకి ఆయన నా గదిలోకి వచ్చాడు. మాస్కు గడ్డం కిందకి లాక్కుని, బల్ల మీద రెండు చేతులూ ఆనించి చాలాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. ఏమైందని అడిగాను.

"ఈ మాస్కెట్టుకుని మెట్లెక్కితే గుండెల మీద బండెట్టినట్టుంటంది బావా. సగానికొచ్చేసరికి ఆగిపోతన్నాను."

నా చెయ్యి దానంతటదే సొరుగు మీదకి వెళ్లింది. రిజిస్టరు బయటికి తీశాను కూడా. ఇది నేను కల్పించుకుని చెప్పడం లేదు, తీశాను, పెన్ను మూత కూడా ఊడదీశాను. బావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"రాయకు బావా. రాస్తే మెడికల్‌కి తోసేత్తారు. ఆళ్లు అన్‌ఫిట్ అని ఒక ముక్క రాసీసినారంటే నాను ఇంట్లో కూకోవాల. శ్రీసత్యకి డిగ్రీ ఇంకో ఏడాదున్నాది. ఆ మాస్కే ఏదోటి సెయ్యి, సాలు."

శ్రీసత్య నా మేనకోడలు. ఆ పిల్ల పేరు ఎత్తేసరికి పెన్నుకి మూత పెట్టేశాను. ఊరందరి మీదా ఎగిరిపడే నేను ఈయన ఒక్కడి దగ్గరే పిల్లిని. ఆ క్షణాన ఒక్క కసురు కసిరి, పదవయ్యా ఆసుపత్రికి అని లాక్కుపోయుంటే సరిపోయేది. నన్ను ఆయన అలాగే కదా ఊరి నుంచి లాక్కొచ్చింది! నేనేం చేశానంటే, సొరుగులోంచి బ్లేడు తీశాను. ఆయన మాస్కు తిరగేసి, కిందివైపు కుట్టు రెండంగుళాల మేర కోసి, లోపలి తెల్లపొరని వేలితో లాగి చెత్తబుట్టలో పడేశాను. పైకి చూస్తే ఏమీ తెలియదు. ఇంటి దగ్గరున్న రెండోదీ తెమ్మని, మర్నాడు దానికీ అదే పని చేశాను.

"గేటులో కెమెరాకి మాస్కు, నీకు గాలి," అన్నాను. పెద్ద ఘనకార్యం చేసినట్టు ఇద్దరం నవ్వుకున్నాం. రిజిస్టరు లోపల పెట్టేశాను.

అంత బొగ్గుపొడిలో, గుండె మొరపెట్టుకుంటున్న మనిషికి, ఆ పొడిని ఆపే ఒక్క పొరా నా చేత్తోనే పీకేశాను. ఇది ప్రేమట! ఇలాంటి ప్రేమ పగవాడిక్కూడా వద్దు.

మర్నాటి నుంచీ గేటులో ఎదురుపడినప్పుడల్లా ఎలా ఉందని కళ్లతోనే అడిగేవాణ్ణి. పది పదిహేను రోజుల పాటు ఆయన పరవాలేదు అన్నట్టు తలూపేవాడు. తర్వాత ఏప్రిల్ ఆఖరున ఒకరోజు దగ్గరికొచ్చి, ఇప్పుడు చాలా బాగుంది, గాలి బాగా ఆడుతోందన్నాడు. నేను నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉంది కాబట్టి నమ్మాను.

అదైనా క్షమించొచ్చేమో గానీ, మే నెలలో ఒక ఆదివారం జరిగింది ఎవరు క్షమిస్తారు? గ్యాస్ బండ వచ్చిందని అప్ప ఫోన్ చేస్తే వెళ్లాను. వాళ్లది మేడ మీద వాటా. బండకి చెరోవైపు చెయ్యి వేసి, బావా నేనూ మెట్లెక్కుతున్నాం. సగం మెట్లు ఎక్కాక బావ బండ దించేసి మెట్టు మీద కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట. కుడిచేత్తో రొమ్ము నొక్కుకుంటున్నాడు. ఆ రోజు ఆయన మొహాన మాస్కు లేదు. బొగ్గూ లేదు. యార్డే లేదు. ఒట్టి మొహం, ఒట్టి గాలి. గుడ్డివాడికైనా అర్థమయ్యే సంగతి.

నేనేమన్నానో తెలుసా? మాస్కు లేకుండానే ఆయాసమేమిటి బావా, ముసలాడివైపోయావని వేళాకోళమాడాను. నిన్నటి మాస్కు దెబ్బ ఇంకా దిగలేదని ఆయన నవ్వబోయాడు, నవ్వు సగంలో ఆగింది. మిగతా మెట్లు బండ నేనొక్కణ్ణే మోసి, నా బలానికి నేనే మురిసిపోయాను. అప్ప చేపల పులుసు వండింది. కడుపునిండా తిని వచ్చేశాను.

జులైలో ఒక మంగళవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి బెల్టు ఆపమని హారన్ మోగింది. పరిగెత్తుకెళ్లేసరికి పైడయ్య ఇరవయ్యో మెట్టు మీద ఒరిగిపోయి ఉన్నాడు. మాస్కు మెడలోకి జారి ఉంది. నలుగురం కిందకి దింపి కంపెనీ జీపులో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. దారిలో ఆయన తల నా ఒళ్లోనే ఉంది. కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీలు అడ్డం పడితే డ్రైవర్‌ని, లారీవాళ్లని, దేవుణ్ణి, అందర్నీ తిట్టాను. లోపలికి తీసుకెళ్లిన పావుగంటకి డాక్టరు బయటికి వచ్చి తల అడ్డంగా ఊపాడు.

అప్ప అప్పటికి వచ్చింది. ముందెప్పుడైనా నొప్పి అన్నాడా అని డాక్టరు అడిగితే, మాస్కు పెట్టుకున్నప్పుడు గుండె బరువుగా ఉంటుందనేవాడని వెక్కుతూ చెప్పింది. డాక్టరు నన్ను పక్కకి పిలిచాడు. అది మాస్కు వల్ల కాదు, గుండె రక్తనాళాలు ఎప్పట్నుంచో మూసుకుపోతూ ఉండుంటాయి, మాస్కు పేరు చెప్పి గుండె మీకు ముందే కబురు పెట్టింది, ఎవరూ పట్టించుకోలేదా అన్నాడు. నేను ఎవరో పరాయివాణ్ణి అయినట్టు, తెలీదండీ అన్నాను.

పన్నెండో రోజు దాటి నేను డ్యూటీలో చేరేసరికి యార్డంతా ఒకటే మాట. పైడయ్యని మాస్కు తినేసింది. ఊపిరాడక గుండె ఆగిపోయింది. గట్టి మాస్కు పెట్టుకుంటే ఎవడికైనా అదే గతి. ఒకడు మాస్కు జేబులో పెట్టుకుని వస్తాడు, ఇంకోడు చెవికి వేలాడదీసుకుంటాడు. గుణశేఖర్ అని నా ఈడువాడే ఒకడున్నాడు, లోడింగ్ పనిలో. అతనైతే మాస్కు తీసి నా బల్ల మీదే పెట్టి, నన్నూ చంపుతావా అని అడిగాడు. నేను కళ్లు దించుకుని వెళ్లమన్నాను. దొరబాబు తిట్టడం మానేశాడు, బావ పోయాక మెత్తబడ్డాడు పాపం అనుకున్నారు. మెత్తబడటం కాదు, నా నోరు పడిపోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకంగా, మాస్కు అనే మాట వినబడితే చాలు నా చెయ్యి సొరుగు మీదకి పోయేది. తప్పు మాస్కు మీదకి పోయింది కదా, పోనీలే అని కూడా ఒక్కోసారి అనిపించేది. థూ, నా బతుక్కి.

అప్ప ఇంటికి రోజు విడిచి రోజు వెళ్తూనే ఉన్నాను. అప్ప పూర్ణా మార్కెట్‌లో బట్టల కొట్లవాళ్లకి చీరలకి ఫాల్స్ కుట్టి ఇస్తుంది. ఆవిడ మిషన్ చప్పుడు లేని ఇల్లు నేను ఎరగను. బావ పోయిన రోజు నుంచీ ఆ మిషన్ మీద దుప్పటి కప్పేసి ఉంది. కొట్లవాళ్ల చీరలు మూటకట్టినవి కట్టినట్టే ఉన్నాయి. దుఃఖం కదా, తేరుకుంటుందిలే అనుకున్నాను. కారణం అది కాదని నాకెలా తెలుస్తుంది?

నెల దాటాక ఒక మధ్యాహ్నం వెళ్తే, శ్రీసత్య కాలేజీకి పోయింది, అప్ప ఒక్కతే ఉంది. మంచినీళ్లు ఇచ్చి ఎదురుగా కూర్చుంది. మా అప్ప నన్ను పేరు పెట్టి పిలిచేది కాదు. పుట్టినప్పటి నుంచీ తమ్మీ అనే పిలుపు. తిట్టినా తమ్మీయే, కొట్టినా తమ్మీయే.

"తమ్మీ, ఒక మాటడుగుతాను. నానేడుత్తానని దాసీకు, ఉన్నదున్నట్టు సెప్పు," అంది.

ఆసుపత్రివాళ్లు బావ వస్తువులు ఇచ్చిన ప్లాస్టిక్ సంచి తెచ్చి, అందులోంచి మాస్కు తీసి నా చేతిలో పెట్టింది. దొరికిపోయానని అనుకున్నాను. తిరగేసి చూశాను. నేను బ్లేడుతో కోసిన చోట నల్లదారంతో చక్కగా మిషన్ కుట్టు పడి ఉంది. వేళ్లతో నొక్కి చూస్తే లోపల ఏదో మందంగా తగిలింది.

"ఏప్రిల్ మొదట్లో ఉతుకుతంటే కింద కుట్టు ఊడిపోయి కనబడ్డాది. లోపల ఏటీ నేదు. రెండోది సూత్తే అదీ అలాగే ఉన్నాది. పొడంతా ఈ మడిసి లోపలికి పోతాదని, నా పాత నేతసీర రెండు మడతలేసి కుట్టీసినాను. రెండిటికీ. ఆయనకి సెప్పనేదు, సెప్తే వద్దంతాడని. మాస్కు మందమైపోతే గుండాగిపోతాదంట కదా? మీ యార్డోళ్ల ఆడోళ్లందరూ అదే అంతన్నారు." అప్ప ఆ కుట్టు మీద వేలు పెట్టింది. "నాను కుట్టిందే ఆయన్ని సంపీసినాదా తమ్మీ?"

బావ బాగుంది, గాలి ఆడుతోందని చెప్పిన రోజు గుర్తొచ్చింది. అప్పటికి ఆయన మాస్కులో రెండు మడతల చీరముక్క ఉంది. అంటే పొర తీసినా ఒకటే, గుడ్డ పెట్టినా ఒకటే. మాస్కుకీ ఆ బరువుకీ మొదటి నుంచీ సంబంధం లేదు. నా ఉద్యోగం పణంగా పెట్టి కోశానని, నా మొహం చూసి, పాపం, బాగుందని అబద్ధం చెప్పుంటాడు. నేను పీకేసిన కాపలాని తెలియకుండానే చేతనైనంత తిరిగి పెట్టిన మనిషి మా అప్ప. ఆవిడేమో మొగుణ్ణి చంపుకున్నానని నెల రోజులుగా మిషన్ ముట్టుకోవడం మానేసింది. యార్డులో ఆ పుకారు పుట్టిన రోజే నేను నోరు విప్పుంటే ఆ మాట ఈ మేడమెట్లు ఎక్కేదే కాదు.

చెప్పకుండా తప్పించుకునే దారి అప్పుడూ ఉంది. నీ తప్పేం లేదప్పా, అంతా రాత అనేసి లేచి రావచ్చు. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది. అప్ప కళ్లు చూసి మింగేశాను.

"కుట్టు ఊడిపోనేదప్పా. నానే కోసీసినాను."

మొత్తం చెప్పేశాను. డాక్టరు ట్రైనింగులో చెప్పిన మాట, రిజిస్టరు తీసి మళ్లీ లోపల పెట్టడం, బ్లేడు, గ్యాస్ బండ, ఆసుపత్రి వరండాలో తెలీదండీ అన్న నా నోరు, ఒక్కటీ వదలకుండా చెప్పాను. నువ్వు కుట్టింది ఆయనకి మంచే చేసింది, చెడు చేసింది నేను అన్నాను. చెబుతూ ఏడ్చాను. అప్ప ఏడవలేదు. నా మాటలన్నీ అయ్యేదాకా మిషన్ మీది దుప్పటి వైపే చూస్తూ కూర్చుంది.

తర్వాత అంది. "ఆయన్ని బతికించాలనే కోసినావు. అది నాకు తెలుస్తంది. గానీ, నెల్లాళ్లు నా ఎదురుగుండా కూకుని, నా సేతి కూడు తిని, నన్నిలాగ ఒగ్గీసినావా?"

నేను ఆ మాస్కు తిరిగి ఆవిడ చేతిలో పెట్టాను.

అప్ప లేచి మిషన్ మీద దుప్పటి తీసింది. సొరుగులోంచి బ్లేడు తీసి, తను వేసిన నల్లదారం ఒక్కో పోగూ తెంపింది. లోపలి చీరముక్కల్ని తీసి, మడత పెట్టి, తన ఒళ్లో పెట్టుకుంది. ఖాళీ అయిన మాస్కు నా వైపు జరిపింది. రేపు గేటు దగ్గర దీన్ని అందరికీ చూపించి, మాస్కు కాదని చెప్పమంది. ఎవరు చేశారో కూడా చెప్పమంది.

మర్నాడు పొద్దున్న షిఫ్టు మొదలయ్యే ముందు గేటు దగ్గర చెప్పాను. నా జన్మలో నేను తిట్టకుండా మాట్లాడింది ఆ పావుగంటే. కోసిన మాస్కు ఎత్తి చూపించాను. రిజిస్టరు తెచ్చి మార్చి నెల పేజీ తెరిచాను. పైడయ్య పేరు ఉండాల్సిన చోట ఏమీ లేని కాగితం చూపించాను. మేనేజరు వింటున్నాడనీ తెలుసు, ఉద్యోగం ఊడొచ్చనీ తెలుసు. కొంతమంది నేల మీద ఉమ్మారు. కాసేపటికి ఒక్కొక్కళ్లూ జేబుల్లోంచి మాస్కులు తీసి పెట్టుకుని లోపలికి నడిచారు.

గుణశేఖర్ ఒక్కడే కదల్లేదు. అందరూ వెళ్లాక దగ్గరికొచ్చి, నా మొహం చూడకుండా, తనకీ రెండు నెలలుగా మెట్లెక్కుతుంటే ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు. రాస్తే అన్‌ఫిట్ అంటారేమో అని గొణిగాడు. అంటే అననీ అని పేరు రాసి, నా బండి వెనక ఎక్కించుకుని ఈసీజీకి తీసుకెళ్లాను. మా బావకి చెయ్యాల్సింది అది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

ఆ నెలే నన్ను సూపర్వైజరు పని నుంచి తీసి స్టోర్‌లో వేశారు. మంచిదే అయింది.

అప్ప మళ్లీ మిషన్ తొక్కుతోంది. నేను వెళ్తే తలుపు తీస్తుంది. కూర్చోమంటుంది. ఎప్పటిలాగే కంచంలో నిండుగా అన్నం వడ్డిస్తుంది, పులుసు ఇంకొంచెం వెయ్యనా అని అడుగుతుంది.

"దొరబాబూ, తిన్నావా?" అంటుంది.